సెకండ్ హ్యాండ్ కారు: మెకానిక్ ఏం చూస్తాడు, ఎవరి తరఫున చూస్తాడు

సెకండ్ హ్యాండ్ కారు ప్రకటన ఏది తీసుకున్నా నాలుగు మాటలు తప్పవు: సింగిల్ ఓనర్, షోరూమ్ ట్రాక్ (సర్వీసంతా కంపెనీ షోరూమ్‌లోనే), నాన్ యాక్సిడెంట్, ఇంజిన్ సీల్ విప్పలేదు. నాలుగూ అమ్మేవారు తమ బండికి తామే ఇచ్చుకునే సర్టిఫికెట్లు. వీటిలో చాలావాటిని సరిచూసుకుందామంటే అధికారిక రికార్డు దొరకదు. మన దేశంలో సొంత కారుకు మొదటి 15 ఏళ్లలో ఫిట్‌నెస్ పరీక్ష ఉండదు. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు వెళ్లినప్పుడే బండిని చూస్తారు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉన్నా అది పొగ లెక్క తప్ప బ్రేకుల సంగతీ, తిరిగిన కిలోమీటర్ల సంగతీ చెప్పదు. ఈ ఖాళీని పూరించేది కొనేముందు చేయించే మెకానిక్ పరీక్ష ఒక్కటే. చాలామంది దాన్ని బ్రేకు తొక్కి, హారన్ కొట్టి, ఓ చుట్టు తిప్పి రావడంతో సరిపెట్టేస్తున్నారు.

క్లుప్తంగా: లోపమే లేని పాత కారు ఉండదు. ఉన్న లోపాలకు రూపాయల్లో ధర కట్టడమే మెకానిక్ పరీక్ష వల్ల కలిగే అసలు ప్రయోజనం. బేరం కుదిరినా కుదరకపోయినా మెకానిక్‌కు అందే సొమ్ము మారకుండా ఉంటేనే ఆ లెక్కను నమ్మవచ్చు. ఇంజిన్, బాడీ, వైరింగ్ అతను చూడగలడు. బండి మీద అప్పు, చలాన్లు, చేతులు మారిన చరిత్ర చూడలేడు.

కొత్త కారు చవకయ్యాక

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పైన ఉన్న సెస్ కూడా పోయింది. పాత కార్ల లెక్క వేరు. 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో జరిగిన జీఎస్టీ కౌన్సిల్ సమావేశం డీలర్లు అమ్మే పాత వాహనాలన్నిటికీ 18 శాతం ఖరారు చేసింది. అంతకుముందు చిన్న కార్లకు అది 12 శాతమే. ఈ పన్ను కారు మొత్తం ధర మీద పడుతుందని అప్పట్లో చాలామంది కంగారుపడ్డారు. నిజానికి అది డీలర్‌కు మిగిలే మార్జిన్ మీదే. ఒక వ్యక్తి తన కారును మరో వ్యక్తికి నేరుగా అమ్మితే ఆ పన్నూ లేదు.

కొత్త కారు ధర దిగితే పాత కారు మీద మిగిలే సొమ్ము తగ్గుతుంది. ఒక ఊహాజనిత లెక్క చూద్దాం. కొత్తది ఏడు లక్షలు, అదే మోడల్ నాలుగేళ్ల బండి ఐదు లక్షలు అయితే తేడా రెండు లక్షలు. అందులో 60 వేల రిపేరు దాగి ఉన్నా మిగులులో 30 శాతమే పోతుంది. కొత్తది 6.4 లక్షలకు దిగి, పాతది ఐదు దగ్గరే ఆగితే తేడా 1.4 లక్షలు. అదే 60 వేల రిపేరు ఇప్పుడు మిగులులో 43 శాతం తినేస్తుంది. పాత బండ్ల ధరలు కూడా క్రమంగా దిగుతాయి కాబట్టి లెక్క అన్నిచోట్లా ఇలాగే ఉండదు. అయినా దాగిన రిపేరును భరించే వెసులుబాటు తగ్గినప్పుడు పరీక్ష విలువ పెరుగుతుంది. గ్యారేజీని, ఊరిని, కారును బట్టి పరీక్షకు కొన్ని వందల నుంచి రెండు మూడు వేల దాకా అవుతుంది.

ఎవరి మనిషి

మన ఊళ్లలో మామూలుగా జరిగేది ఇది: కొనేవారు తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్తారు. ఫీజు మాట ముందు అనుకోరు. చివర్లో పెట్రోలు ఖర్చులకని చేతిలో కొంత పెడతారు. మొహమాటంతో కూడిన ఈ ఏర్పాటులోనే చిక్కు ఉంది. కారు అమ్ముడైతే మధ్యవర్తికి కమీషన్ వస్తుంది. అందులో వాటా మెకానిక్‌కు అందడం ఈ వ్యాపారంలో అందరికీ తెలిసిన సంగతే. ఇటు నుంచి వచ్చేది కొన్ని వందలై, అటు నుంచి వచ్చేది కొన్ని వేలైతే, ‘బండి బాగుంది అన్నా, తీసుకో’ అనే మాట బరువు తగ్గుతుంది.

ఇది రెండో వైపు నుంచీ జరుగుతుంది. వేరే డీలర్ దగ్గర తనకు వాటా వచ్చే బండి ఉంటే, బాగున్న కారుకూ మెకానిక్ వంకలు పెట్టవచ్చు. కొన్న తర్వాత రిపేరు తన షెడ్డుకే వస్తుందని తెలిసినప్పుడు ఖర్చును తక్కువ చేసి చెప్పి బేరం కుదర్చడమూ ఉంది. అందరూ ఇలా ఉంటారని కాదు. ఫీజు ఇంత అని ముందే మాట్లాడి, కొనకపోయినా అంతే ఇస్తామని చెప్పి, ఏం చూశాడో కాగితం మీద రాసిమ్మంటే ఈ అనుమానాల్లో సగం తీరిపోతాయి.

పాత కార్లు అమ్మే ఆన్‌లైన్ కంపెనీలు నూటయాభై, రెండు వందల పాయింట్ల పరీక్ష చేశామంటాయి. ఆ రిపోర్టు పనికిరానిదేమీ కాదు. కానీ పరీక్ష చేసిందీ, బండి అమ్ముతున్నదీ ఒకే సంస్థ. పాయింట్ల సంఖ్య చూసి ధైర్యపడటానికీ లేదు. ఆ పట్టికలో ఫ్లోర్ మ్యాట్ ఒక పాయింటే, ఇంజిన్ కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) కూడా ఒక పాయింటే. వాళ్లిచ్చే వారంటీ ఏయే భాగాలకు, ఎన్ని నెలలు, ఎన్ని కిలోమీటర్లకు వర్తిస్తుందన్నది రిపోర్టు కంటే ముఖ్యమైన కాగితం.

చల్లటి ఇంజిన్ చెప్పే నిజం

పరగడుపున చేసే షుగర్ పరీక్షలాగే ఇంజిన్‌ను కూడా రాత్రంతా ఆగి ఉన్నాక పొద్దున్నే చూడాలి. వేడెక్కిన ఇంజిన్‌లో లోహం వ్యాకోచించి సందులు మూసుకుంటాయి, ఆయిల్ అంతటా పారి ఉంటుంది, బ్యాటరీ ఛార్జై ఉంటుంది. అరిగిన ఇంజిన్ కూడా అప్పుడు సాఫీగానే నడుస్తుంది. అందుకే అనుభవం ఉన్న మెకానిక్ వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెడతాడు. వెచ్చగా ఉంటే, ‘సార్ వస్తున్నారని స్టార్ట్ చేసి ఉంచాం’ అన్న మర్యాదకు ఆయన పెద్దగా సంతోషించడు.

స్టార్ట్ చేయకముందే ఆయిల్ కొలిచే పుల్ల (డిప్‌స్టిక్) తీస్తాడు. ఆయిల్ నల్లగా ఉండటం తప్పు కాదు, డీజిల్ బండిలో అయితే మార్చిన కొన్నాళ్లకే నల్లబడుతుంది. ఆయిల్ క్యాప్ లోపల పాలు కలిపిన టీ రంగులో చిక్కటి నురగ ఉంటేనే ఆలోచించాలి. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోందని, రెండిటినీ విడిగా ఉంచే సీలు, అంటే హెడ్ గాస్కెట్, పోయి ఉండవచ్చని అది సూచన. కూలెంట్ ట్యాంకులో ఆకుపచ్చ, గులాబీ లేదా నీలం ద్రవానికి బదులు తుప్పు రంగు నీళ్లుంటే, ఇన్నాళ్లూ కుళాయి నీళ్లతో నడిపారని అర్థం.

స్టార్ట్ చేశాక సైలెన్సర్ దగ్గర ఒక మనిషి ఉండాలి. పొగ నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది: పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో, టర్బోనో అరిగింది. తెల్లపొగ చలికాలం పొద్దున కాసేపు వచ్చి పోతే అది ఆవిరి. ఇంజిన్ వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో ఆగకుండా వస్తుంటే కూలెంట్ లోపల కాలుతోంది. డీజిల్‌లో గట్టిగా రేస్ ఇచ్చినప్పుడు నల్లపొగ కమ్మేస్తే ఇంజెక్టర్లు, గాలి దారి చూడాలి.

తర్వాతి పరీక్షకు పరికరం అక్కర్లేదు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పి, దాన్ని తిరగేసి అదే రంధ్రం మీద వదులుగా పెడతారు. కొద్దిగా వణికితే పర్వాలేదు. మూత ఎగిరెగిరి పడుతూ, కింద నుంచి దమ్ములు దమ్ములుగా పొగ తన్నుకొస్తే, మండే గ్యాస్ రింగులు దాటి కిందికి దిగుతోందన్నమాట. దీన్నే మెకానిక్‌లు ‘బోరుకొచ్చింది’ అంటారు. కొన్ని ఇంజిన్లలో మూత సహజంగానే కాస్త ఎక్కువ కదులుతుంది కాబట్టి, అనుమానం వస్తే కంప్రెషన్ గేజ్ పెట్టి సిలిండర్లన్నిటినీ పోల్చి చూడటమే దారి. ఒక సిలిండర్ మిగతావాటికంటే బాగా తక్కువ చూపితే ఇంజిన్ పని తప్పదు.

క్లచ్ సంగతి తేల్చడానికి బండిని ఖాళీ చోట ఆపి, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేర్‌లో క్లచ్ మెల్లగా వదులుతారు. ప్లేటు బాగుంటే ఇంజిన్ ఆగిపోతుంది. ఆగకుండా రొద పెడితే ప్లేటు జారుతోంది. ఇది ఒక్కసారి చేస్తే చాలు. పదేపదే చేస్తే ఉన్న ప్లేటూ పోతుంది. టెస్ట్ డ్రైవ్ కనీసం పది పదిహేను కిలోమీటర్లయినా ఉండాలి, అందులో గుంతల రోడ్డు కొంత ఉండాలి. లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, స్ట్రట్ మౌంట్లు లాంటి సస్పెన్షన్ భాగాలు నున్నటి రోడ్డు మీద మాట్లాడవు. ఏసీ వేసి ట్రాఫిక్‌లో పావుగంట నిలబెడితే రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతుందో లేదో, టెంపరేచర్ ముల్లు ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది.

బీఎస్-6 (పొగ పరిమితుల ప్రమాణం) డీజిల్ బండ్లలో ఇంకో ఖరీదైన భాగం చేరింది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన డీజిల్ కార్లలో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది. హైవే మీద వేగంగా పోయినప్పుడు ఆ మసి కాలిపోతుంది. రోజూ నాలుగు కిలోమీటర్లు ఆఫీసుకు వెళ్లి వచ్చిన బండిలో అది పేరుకుపోతుంది. ‘సిటీలోనే వాడాం, తక్కువ తిరిగింది’ అన్న మాట పెట్రోల్ కారుకు మంచి మాటే, ఇలాంటి డీజిల్‌కు కాదు.

రంగు కింద

పెయింట్ మందం కొలిచే గేజ్ ఇప్పుడు చాలామంది మెకానిక్‌ల జేబులో ఉంటోంది. కంపెనీ పెయింట్ సాధారణంగా 100–150 మైక్రాన్ల చుట్టుపక్కల చూపిస్తుంది. మళ్లీ పెయింట్ వేస్తే 200 నుంచి 300, లప్పం పెట్టి సాపు చేస్తే ఐదు వందలు, ఆపైన కూడా వస్తుంది. ప్లాస్టిక్ బంపర్ల మీద ఈ గేజ్ పనిచేయదు.

నాన్ యాక్సిడెంట్ అన్న మాట మీద అనవసరమైన గొడవలు ఇక్కడే వస్తాయి. మన ట్రాఫిక్‌లో తలుపు మీద గీత పడి పెయింట్ వేయించని కారు దొరకడం కష్టం. తలుపు, ఫెండర్ బోల్టులతో బిగించిన భాగాలు. మార్చినా బండి పటుత్వం పోదు. పిల్లర్లు, రూఫ్, బానెట్ కింద రెండు పక్కల ఉండే ఆప్రాన్లు, వాటి కింది చాసిస్ లెగ్‌లు వెల్డింగుతో ఒకటైన అస్థిపంజరం. ప్రమాదంలో దెబ్బ అక్కడిదాకా వెళ్లిందా అన్నదే అసలు ప్రశ్న. కంపెనీ స్పాట్ వెల్డింగ్ చుక్కలు సమాన దూరంలో గుండ్రంగా, చిన్న గుంటల్లా కనిపిస్తాయి. టింకరింగ్ షెడ్డులో చేసిన వెల్డింగ్ గీతలా, గరుకుగా ఉండి మీద మందపాటి పెయింట్ ఉంటుంది. బానెట్ అంచున ఉండే సీలెంట్‌ను గోటితో నొక్కి చూస్తారు. కంపెనీది గట్టిగా, ఒకే వెడల్పుతో సాగుతుంది. తర్వాత పూసింది మెత్తగా, వంకరగా ఉంటుంది.

అద్దాల మూలన తయారీ సంవత్సరం కోడ్ ఉంటుంది. అన్నీ ఒక ఏడాదివై ఒక్కటి మాత్రం మూడేళ్ల తర్వాతిదైతే, అటువైపు తలుపును ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. కీ తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే లోపం. అసలు వెలగకపోతే ఇంకా అనుమానించాలి, ఎందుకంటే పేలిపోయిన ఎయిర్‌బ్యాగ్ మార్చకుండా లైటు కనెక్షన్ తీసేసే పని కూడా జరుగుతుంది.

మీటరు, స్కానరు

డిజిటల్ మీటర్ వచ్చాక కిలోమీటర్లు వెనక్కి తిప్పడం కష్టమవుతుందనుకున్నారు. సులువైంది. ఆ అంకె మీటర్ బోర్డులోని చిన్న మెమరీ చిప్‌లో ఉంటుంది, ల్యాప్‌టాప్‌తో మార్చేస్తారు. అయితే కొన్ని మోడళ్లలో ఇతర కంట్రోల్ యూనిట్లు కూడా కిలోమీటర్లు రాసుకుంటాయి, అక్కడ పాత లెక్క మిగిలిపోవచ్చు. అధీకృత సర్వీస్ సెంటర్‌లో బండి నంబరు మీద సర్వీస్ చరిత్ర దొరికితే అంతకంటే మంచి సాక్ష్యం లేదు.

టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. మీటరు 28 వేలు చూపిస్తూ, నాలుగేళ్ల బండికి నాలుగు టైర్లూ కొత్తవైతే అడగాల్సిందే. అరిగిపోయిన క్లచ్ పెడల్ రబ్బరు, నున్నబడిన స్టీరింగ్, డ్రైవర్ సీటు కుంగడం కూడా లెక్కలోకి వస్తాయి. ఒక్కొక్కటీ విడిగా రుజువు కాదు. నాలుగూ ఒకే మాట చెబితే మీటరును నమ్మడం కష్టం.

2013 తర్వాతి బీఎస్-4 కార్లలో ఓబీడీ-2 పోర్టు, అంటే బండి కంప్యూటర్ నమోదు చేసుకున్న లోపాలను చదివే సాకెట్, ఉంటుంది. అక్కడ స్కానర్ పెట్టి ‘ఫాల్ట్ కోడ్లేమీ లేవు’ అనగానే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. కోడ్లు లేకపోవడానికి రెండు కారణాలుంటాయి: లోపాలు లేకపోవడం, పొద్దున్నే ఎవరో చెరిపేయడం. ఆ తేడాను కూడా స్కానరే చెబుతుంది. కోడ్లు చెరిపాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూపే అంకె చాలా కార్లలో ఉంటుంది. అది ఆరు కిలోమీటర్లు అని చూపిస్తే, మీరు రావడానికి కాసేపటి ముందే చెరిపారని అర్థం.

నీటిలో మునిగిన బండ్లు

2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదతో విజయవాడ నీట మునిగాయి. వేల ఇళ్లతో పాటు వాకిళ్లలోని బండ్లూ మునిగాయి. బీమా నిబంధనల ప్రకారం రిపేరు ఖర్చు బండి ఐడీవీలో (పాలసీలో రాసిన బండి విలువలో) 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్ కింద లెక్కిస్తారు. అలాంటి బండి స్క్రాప్ ధరకు చేతులు మారి, కడిగి తుడిచి, వేరే ఊళ్లో అమ్మకానికి వస్తే కొనేవారికి తెలిసే దారి తక్కువ. మన ఆర్‌సీలో ‘వరదలో మునిగింది’ అని చెప్పే గడి లేదు.

వరద బండి మొదట్లో బాగానే నడుస్తుంది. వైరింగ్ కనెక్టర్లలో చేరిన తడి, బురద రాగిని మెల్లగా తింటాయి. నెలలు గడిచాక పవర్ విండో ఆగుతుంది, ఏబీఎస్ లైటు వెలుగుతుంది, ఒకరోజు స్టార్ట్ కాదు. ఒక్కో లోపం వేరే లోపంలా కనిపించడంతో మూలం దొరకదు. మెకానిక్ చూసేది ఎవరూ కడగని చోట్లను: సీటు బెల్టును చివరిదాకా లాగితే కనిపించే నీటి గీత, స్టెప్నీ గుంటలో ఒండ్రు, సీటు పట్టాల బోల్టులకు తుప్పు, డ్యాష్‌బోర్డు కింద కనెక్టర్లలో పచ్చటి చిలుము. తోలు సీటు కవర్లు, కొత్త ఫ్లోరింగ్, ఘాటైన పెర్ఫ్యూమ్ కలిసి ఉంటే అది అలంకారమో కప్పిపుచ్చడమో తేల్చుకోవడానికి కార్పెట్ ఎత్తి చూడాలి.

బయటి దేశాల్లో

బ్రిటన్‌లో మూడేళ్లు నిండిన కారుకు ఏటా ఎంఓటీ అనే ఫిట్‌నెస్ పరీక్ష తప్పనిసరి. ప్రతిసారీ మీటరు రీడింగ్ నమోదవుతుంది. బండి నంబరు కొడితే ఆ చరిత్రంతా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా కనిపిస్తుంది. అందువల్ల మీటరు తిప్పడం అక్కడ పట్టుబడే మోసం. అమెరికాలో డీలర్లు ప్రతి పాత కారు అద్దానికీ బయ్యర్స్ గైడ్ అనే పత్రం అంటించాలి. వారంటీ ఉందో, ఉన్నదున్నట్టు అమ్ముతున్నారో అందులో రాసి ఉంటుంది, సొంత మెకానిక్‌తో చూపించుకోవచ్చా అని డీలర్‌ను అడగమని కూడా ఉంటుంది. వరదలోనో ప్రమాదంలోనో పోయిన బండి టైటిల్ (యాజమాన్య పత్రం) మీద ముద్ర పడుతుంది. అక్కడికి వెళ్లిన తెలుగు విద్యార్థులు తొలి కారు తరచూ మరో విద్యార్థి దగ్గరే కొంటారు. డీలర్ల నిబంధన అలాంటి అమ్మకాలకు వర్తించదు కాబట్టి, మెకానిక్ అవసరం వాళ్లకూ ఇక్కడిలాగే ఉంటుంది. మన దగ్గర అలాంటి రికార్డు లేనందువల్ల ఆ భారమంతా ఒక్క మనిషి కన్ను మీద, చెవి మీద పడుతోంది.

మెకానిక్‌కు కనిపించనివి

చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీతో సరిపోయాయా అని మెకానిక్ చూడగలడు. అక్కడితో అతని పని అయిపోతుంది. ఆర్‌సీలో బ్యాంకు పేరు ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఆర్‌సీలోంచి అప్పు తొలగించే ఫారం 35 కావాలి. ఆన్‌లైన్‌లో పెండింగ్ చలాన్లు చూడాలి.

పెద్ద చిక్కు ఓపెన్ ఫారాలతో వస్తుంది. అమ్మేవారు పేరు మార్పిడికి వాడే 29, 30 ఫారాల మీద ఖాళీగా సంతకాలు పెట్టి ఇచ్చేస్తారు. బండి ఇద్దరు ముగ్గురి చేతులు మారినా ఆర్‌సీలో పేరు మొదటివారిదే ఉంటుంది. అలాంటి బండికి ప్రమాదం జరిగితే ఆర్‌సీలో పేరున్నవారే యజమాని అని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. డీలర్‌కు బండి అప్పగించినప్పుడు ఆ సంగతి రవాణా శాఖకు ఫారం 29సీ ద్వారా తెలపాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. రిజిస్టరైన డీలర్ దగ్గర కొంటే దీని గురించి అడగవచ్చు.

ఢిల్లీ బండ్లు చవకని వచ్చేవారికి ఇంకో లెక్క. పాత బండ్లు తిరగకూడదన్న అక్కడి వయోపరిమితి ఉత్తర్వుల వల్ల ధర పడిపోయిన మాట నిజమే, 2025లో సుప్రీంకోర్టు కొంత వెసులుబాటు కూడా ఇచ్చింది. అయితే ఎన్‌ఓసీ తెచ్చుకుని ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టి, కొత్త నంబరు తీసుకోవాలి. 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్టరైన బండిని తెలంగాణకు శాశ్వతంగా మార్చుకోవాలన్నా దారి ఇదే.

పాత బీమా పాలసీలో ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో తగ్గింపు) శాతం ఒక చిన్న ఆధారం. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లను బట్టి అది 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. ఆరేళ్లుగా ఒకే యజమాని దగ్గరున్న, యాక్సిడెంట్ ఎరగని బండి అంటూ పాలసీలో 20 శాతమే ఉంటే, ఈ మధ్యే ఏదో క్లెయిమ్ అయ్యుండవచ్చు. మధ్యలో పాలసీ కట్టడం మానేసినా అలాగే జరుగుతుంది కాబట్టి అడిగి తెలుసుకోవాలి.

లెక్క బేరంలోకి ఎలా వస్తుంది

ఇంటి దగ్గరే చూసుకోగల కాగితాలు మొదట చూస్తే, తేడా ఉన్న బండికి మెకానిక్ ఫీజు దండగ కాదు. ఆ తర్వాత పరీక్ష. టోకెన్ అడ్వాన్స్ ముందే ఇవ్వాల్సి వస్తే, మెకానిక్ రిపోర్టులో పెద్ద లోపం తేలితే వాపసు ఇస్తామని వాట్సాప్‌లోనైనా రాయించుకోవచ్చు. లిఫ్ట్ ఉన్న గ్యారేజీకి బండి తేవడానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే, కింది భాగం చూడకుండా కొంటున్నట్టే. దానికి తగ్గ ధరే అడగాలి.

రిపోర్టులో మూడు గడులు చాలు: వెంటనే చేయించాల్సినవి, ఏడాదిలో వచ్చేవి, కొనకుండా ఆగాల్సినవి. చిన్న కారుకు నాలుగు టైర్లు సుమారు 18 వేలు, క్లచ్ సెట్ ఎనిమిది పది వేలు, ముందు సస్పెన్షన్ ఇంకో ఏడెనిమిది వేలు అనుకుంటే మొత్తం 35 వేల దాకా తేలుతుంది. అది మొదటి గడి. దాన్ని ధరలోంచి తగ్గించమని అడగడం న్యాయమైన బేరమే, చాలామంది అమ్మేవారు సగమైనా ఒప్పుకుంటారు. టైమింగ్ బెల్టు, బ్యాటరీ లాంటివి రెండో గడిలోకి వస్తాయి. వాటిని బేరానికి పెట్టడం కంటే సొంత బడ్జెట్‌లో పక్కన పెట్టుకోవడం మేలు. చాసిస్ లెగ్ వెల్డింగ్, వరద గుర్తులు, నంబర్ల తేడా మూడో గడి. వీటికి ఎంత తగ్గించినా సరిపోదు.

బేరం కుదిరి బండి చేతికొచ్చాక యజమాని పేరు మార్పిడికి కొన్నవారికి 30 రోజుల గడువుంది. బీమాను తమ పేరుకు మార్చుకోవడానికి 14 రోజులే. థర్డ్ పార్టీ బీమా యాజమాన్యంతో పాటు దానంతటదే బదిలీ అవుతుంది. సొంత బండికి జరిగే నష్టం కవరు మాత్రం కంపెనీకి దరఖాస్తు చేస్తేనే మారుతుంది. పాత యజమాని ఎన్‌సీబీ మాత్రం ఆయనతోనే పోతుంది.